రాయి, కంకర, ఇసుక



ఈ దినము నేను ప్రసంగింపబోవు విషయము మూడు చిన్న మాటలలో ఇమిడియున్నది: రాయి, కంకర, ఇసుక. రత్నములను గూర్చి చెప్పిన చెవి యొగ్గువారు పలువురు గలరు గాని, కాలి క్రింది యిసుకను గూర్చి చెప్పిన వినువారెవరని కొందఱకు తోచవచ్చును. అట్లు తోచుట సహజమే. ఎల్లవేళల కన్నుల యెదుట నుండు వస్తువునకు విలువ గట్టుట మనుష్యుల అలవాటు గాదు. అయినను లెక్క చూచినచో, నీరు తక్క మానవుడు ఈ భూమిమీద ఇంత విస్తారముగా వాడుకొను పదార్థము మఱియొకటి లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థవారు 2022లో ప్రకటించిన నివేదిక ననుసరించి, లోకమున ఏటేట వాడుకలోనికి వచ్చు ఇసుకయు కంకరయు కలిసి సుమారు 5,000 కోట్ల టన్నులు. దీనిని జనులందఱకు సమముగా పంచినచో తలకు దినమునకు 17 కిలోలు వచ్చును. మనలో ఎంతటి భోక్తయైనను దినమున కంత యన్నము తినజాలడు గదా!

ఇంత వాడుచున్నను ఇవి ఎచ్చటనుండి వచ్చును, ఎట్లు పనిచేయును, ఎచ్చట నుండిన నెక్కువ యుపకారము చేయును అను విచారము మనలో తక్కువ. ముఖ్యముగా, ఇంటి గోడలో చేరిన యిసుక చేయు మేలెంత, ఏటిలో పడియున్న యిసుక చేయు మేలెంత అని తూచి చూడవలసిన కాలము వచ్చినది. ఆ తూనికయే నా ప్రసంగమునకు ప్రయోజనము.

మొదట వీని పుట్టుకను చెప్పెదను. రాయి, కంకర, ఇసుక యనునవి మూడు వేర్వేఱు వస్తువులు గావు. ఒకే వస్తువునకు మూడు దశలు. తెలంగాణమునందును రాయలసీమయందును కనబడు గుట్టల రాతిని ఒక ముక్క పగులగొట్టి ఎండలో పట్టి చూడుడు. దానిలో మూడు విధములగు కణములుండును. గాజువలె మెఱయునది పలుగురాయి జాతి, దానినే స్ఫటికమందురు. పాలవలె తెల్లగానో, లేత యెఱుపుగానో యుండునది ఫెల్‌స్పారు అను ఖనిజము. రేకులు రేకులుగా తళతళలాడునది అభ్రకము. పిల్లలు దానిని కాకిబంగార మందురు. ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, వాననీటికి నాని, చెట్ల వేళ్లకు బీటలువాఱి ఈ రాయి యుగయుగములుగా శిథిలమగుచుండును. అప్పుడు ఫెల్‌స్పారు నీటి ప్రభావమున మెల్లమెల్లగా బంకమన్నుగా మాఱును. పలుగురాయి మాత్రము నీటికి లొంగదు. రేణువులుగా విడివడి నిలిచియుండును. ఆ రేణువులే ఇసుక. కావున చేనిలోని మన్నును ఏటిలోని యిసుకయు ఒక తల్లి బిడ్డలే. ఒకటి మెత్తబడినది, రెండవది మొండికెత్తినది.

కొండపైనున్నప్పుడు బండ, వాగులోబడి కొంత దొర్లిన పిమ్మట గులకరాయి, ఏటిలో ఆమడలకొలది రాచుకొని కొట్టుకొని వచ్చిన పిమ్మట ఇసుక. శాస్త్రజ్ఞులు 2 మిల్లీమీటర్లకు మించినదానిని గులక యనియు, అంతకు చిన్నదానిని ఇసుక యనియు, మిల్లీమీటరులో పదునాఱవ వంతుకంటె సన్నమైనదానిని ఒండ్రు యనియు హద్దులు పెట్టిరి. మన వాడుకలో ఆవగింజను హద్దుగా నుంచుకొన్నచో లెక్క ఇంచుమించు సరిపోవును.

ఇచ్చట ఒక మాటవిశేషము చెప్పదగియున్నది. సంస్కృతమున ఇసుకకు సికత యనియు, వాలుక యనియు పేళ్లు. గులకకును గరుకైన మొరమునకును శర్కర యని పేరు. చెఱకురసము కాచి చల్లార్చినప్పుడు అది పలుకులు పలుకులుగా గట్టిపడుట జూచి, మొరమును పోలియున్నదని దానికిని పూర్వులు శర్కర యనియే పేరిడిరి. ఆ శర్కరయే మన చక్కెర. అనగా నోటికి తీపియైనదానికి కాలికి గ్రుచ్చుకొనుదాని పేరే వచ్చినది. తెలుగున కల్లు అనగా రాయి. సన్నెకల్లులో ఆ మాట నేటికిని నిలిచియున్నది. ఓరుగల్లు అనగా ఒంటిరాయి, అదియే సంస్కృతమున ఏకశిలానగరమైనది.

ఇక ఇంటిలోనికి వత్తము. రోలు, రుబ్బురోలు, తిరుగలి, సన్నెకల్లు లేని వంటయిల్లు మన తాతలనాడు లేదు. నేడు విద్యుచ్ఛక్తితో తిరుగు యంత్రములు వచ్చినను, పిండి రుబ్బు యంత్రపు మూత తీసి చూచిన లోపల తిరుగునది రాయియే. నున్నని రాయి నలుపజాలదు. గరుకుదనమే దాని పని. అందుచేతనే రోళ్లకు గంట్లు పెట్టువారు ఊరూర తిరుగుచుండిరి. కాలిక్రింద పఱచుకొను కడప బండలు, బేతంచెర్ల బండలు, తాండూరు బండలు, షాబాదు బండలు సున్నపురాతి జాతివి. అతి ప్రాచీనకాలమున నీటియడుగున పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడినవి గనుకనే అవి పలకలు పలకలుగా లేచివచ్చును. మార్కాపురపు పలకరాతికిని అదియే గుణము. నాయొద్ద చదివిన పిల్లలలో పెక్కుమంది ఆ పలకలపైననే ఓనమాలు దిద్దిరి. అంతకు పూర్వము వీధిబడులలో ఇసుక పఱచి, దానిపై వ్రేలితో అక్షరములు దిద్దించెడివారు. 18వ శతాబ్ది చివర మద్రాసున అనాథబాలుర పాఠశాలను నడపిన ఆండ్రూ బెల్ దొర ఈ యిసుకవ్రాతను చూచి మెచ్చి తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో ఇంగ్లండున ఆ పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. కాగితమునకు దిక్కులేని బడికి ఇసుకయే కాగితమైనది.

నేటి యిండ్లను మనము సిమెంటు ఇండ్లనుచున్నాము. పేరు సిమెంటుది, దేహము రాతిది. వాడుకలోనున్న పాళ్లలో ఒకటి ఇది: సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కంకర నాలుగు పాళ్లు. ఏడింట ఆఱు పాళ్లు ఇసుక కంకరలే. దీని మర్మము తెలియుటకు ఒక తొట్టిని కంకరతో నింపి చూడుడు. నిండినట్లే కనబడును గాని నడుమ సందులుండును. పైన ఇసుక పోసి కుదిపినచో ఆ సందులలోనికి దిగును. ఇసుకరేణువుల నడుమ మిగిలిన సన్నని సందులలోనికి సిమెంటు నీటితో గూడ చేరి, అన్నిటిని కట్టివైచును. బలము రాతిది, పొందిక ఇసుకది, బంధము సిమెంటుది.

ఏ యిసుకయైనను ఇందులకు పనికివచ్చునని తలపరాదు. మన్ను కలిసిన యిసుకకు సిమెంటు పట్టదు. అందుచేత మేస్త్రీలు ఇసుకను పిడికిట పట్టి నలిపి, చేతికి మన్నంటునేమో చూతురు. సముద్రపుటిసుకలో ఉప్పుండును, అది గోడలోని ఇనుపచువ్వలను తుప్పు పట్టించును. ఎడారి యిసుక గాలికి దొర్లి దొర్లి గుండ్రమై నున్నబడియుండుటచే దానికి పట్టు తక్కువ. ఏటియిసుకకు కోణములుండును, ఉప్పుండదు, ప్రవాహమే దాని మన్నును కడిగియుంచును. లోకమున ఎడారులెన్ని యున్నను జనులు ఏటియిసుకకే ఎగబడుటకు కారణమిది.

దారుల విషయమున గూడ కోణములదే పెత్తనము. స్కాట్లండు దేశీయుడగు జాన్ మెకాడము (1756-1836) పెద్ద బండలకు బదులు పగులగొట్టిన చిన్న కంకరను పొరలుగా పఱచి దారులు వేయు పద్ధతిని నెలకొల్పెను. గుండ్రని గులకరాళ్లు బండిచక్రము క్రింద జాఱిపోవును. పగులగొట్టిన కంకరకు మొనలుండుటచే ముక్కలు ఒకదానినొకటి పట్టుకొని బిగియును. రైలుపట్టాల క్రింద కంకర పోయుటలో మర్మమును ఇదియే: అది బండి బరువును నేలపై పలుచగా పంచును, దిమ్మెలు కదలకుండ పట్టియుంచును, వాననీటిని నిలువనీయక క్రిందికి విడుచును.

ఇసుకమీద కట్టడము నిలువదని లోకులందురు. ఇసుక కదలునప్పుడు ఆ మాట నిజము. కదలకుండ నాలుగు వైపుల కట్టుదిట్టము చేసినచో ఇసుక మిక్కిలి నమ్మదగినది. బంకమన్ను తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని బీటలువాఱును. ఇసుకకు ఆ దోషము లేదు. ఈ గుణమెఱిగియే కాకతీయుల కాలపు స్థపతులు పునాదిగోతులను ఇసుకతో నింపి, దానిపై దేవాలయముల రాతిపనిని నిలిపిరి. 1213 నాటి శాసనముగల, రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్పదేవాలయము ఎనిమిది శతాబ్దములు దాటి నేటికిని మనకు దర్శనమిచ్చుచున్నది. 2021లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చిరి.

1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట చరిత్రయు ఇట్టిదే. గోదావరి గర్భమున ఇసుక లోతైనది. గట్టిరాయి తగులువఱకు త్రవ్వుట ఆనాడు సాధ్యముగాని పని. ఆర్థర్ కాటన్ దొర అంతకుముందు తంజావూరి సీమలో కావేరిపై చోళులు కట్టిన కల్లణను పరీక్షించియుండెను. లోతెఱుగని యిసుకలో పునాది నిలుపు ఉపాయమును ఈ దేశపు పూర్వులనుండియే నేర్చుకొంటిమని ఆయనయే పిమ్మట వ్రాసెను. ధవళేశ్వరపు కొండరాతిని తెచ్చి, గోదావరి యిసుకపై నిలిపిరి. రాయియు ఇసుకయు పొత్తుకలిసి చేసిన ఆ పనివలన రెండు జిల్లాలు అన్నపూర్ణలైనవి. ఆ పాత యానకట్ట స్థానమున తరువాత క్రొత్త బ్యారేజి వచ్చినది గాని, మొదటి మేలు మఱవరానిది.

ఇంతవఱకు మోయుట, పట్టుకొనుట, నలుపుట యను పనులను చెప్పితిని. ఇసుకకు వీనికంటె సూక్ష్మమైన పని యొకటి గలదు: నీటిని శుద్ధిచేయుట. జర్మనీదేశమున ఎల్బనదీతీరమున హాంబర్గు, ఆల్టోనా యని రెండు పట్టణములు ఒకదానినొకటి ఆనుకొని యుండెను. రెండును ఆ నదినీరే త్రాగెడివి. హాంబర్గువారు నీటిని వడపోయక పంచుచుండిరి. ఆల్టోనావారు ఇసుక పడకలగుండ వడపోసి పంచుచుండిరి. 1892లో కలరా వచ్చినప్పుడు హాంబర్గున 8,000 మందికి పైగా చనిపోయిరి. నదికి దిగువన, హాంబర్గు మురికి కలిసిన నీరే తీసికొనుచుండిన ఆల్టోనా మాత్రము చాలవఱకు బయటపడెను. ఒకే వీధికి అటువైపు రోగము, ఇటువైపు క్షేమము! నీరు ఇసుకలోనికి మెల్లగా దిగునప్పుడు పైపొరమీద ఒక జిగటపొర యేర్పడును. దానిలోని సూక్ష్మజీవులు నీటిలోని రోగక్రిములను పట్టి హరించును. మిగిలిన మలినమును ఇసుకరేణువులు పట్టియుంచును. మన కోస్తాజిల్లాలలో కాలువనీటిని చెఱువులలో నిలువచేసి త్రాగునీరుగా పంచు పథకములలో ఇట్టి ఇసుక పడకలు నేటికిని పనిచేయుచున్నవి.

ఈ పనిని మానవుడు కట్టిన తొట్టిలో కొద్దిగా చేసికొనుచున్నాడు. ఏఱు తన గర్భమున ఆమడల పొడవునను చేయుచున్నది. ఇచ్చట ప్రసంగమునకు ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి. వేసవిలో ఎండిన ఏటిని చూచి నీరు లేదందుము. కాని యిసుకలో మూరెడో బారెడో త్రవ్విన చెలమలో తేటనీరు ఊఱును. అది ఎచ్చటినుండి వచ్చినది? ఒక కుంచమును ఎండిన యిసుకతో అంచువఱకు నింపి, సోలతో నీరు కొలిచి పోయుడు. నిండిన కుంచములోనే ఇంకను అయిదాఱు సోలల నీరు పట్టును. అనగా కుంచములో ఇంచుమించు మూడవ వంతు సందులే.

ఈ లెక్కను ఏటికి వేసి చూతము. ఒక ఎకరము ఏటినేలలో ఒక మీటరు మందమున ఇసుక యున్నదనుకొనుడు. అది 4,000 ఘనమీటర్లకు కొంచెము పైమాట. అందు మూడవ వంతు సందులనిన, సుమారు 13 లక్షల లీటర్ల నీరు పట్టును. రేణువులను అంటిపట్టుకొని వదలని తడి పోగా, 8 లక్షల లీటర్లైనను బావులకు, చెలమలకు అందివచ్చును. తెఱచియున్న చెఱువునీటిని సూర్యుడు దినదినము త్రాగివేయును. ఇసుకలో రెండు మూడడుగులకు దిగువనున్న నీటిని ఎండ తాకజాలదు. మూత గలది, వడపోత గలది, కట్టుటకు కాసు ఖర్చులేనిది ఇట్టి చెఱువు మఱియొకటి కలదా? రాయలసీమ పెద్దలు ఈ సంగతి బాగుగా నెఱుగుదురు. పెన్న, చిత్రావతి, పాపఘ్ని వంటి ఏళ్ల యిసుకలో ఊటకాలువలు తీసి, పైకి ఎండినట్లున్న ఏటినుండి పైరులు పండించినవారు వారి పూర్వులే.

ఇప్పుడు ఆ యిసుకను మితిమీఱి తీసినప్పుడు ఏమగునో చూతము. ఏటి యిసుకలోని నీరును, ఇరుగట్ల చేలక్రింది నీరును ఒకదానితో నొకటి కలిసియుండును. ఏటి మట్టము రెండు బారలు దిగినచో, గట్లలోని నీరు పల్లమునకు పాఱినట్లు ఏటివైపునకు దిగిపోవును. బావి యజమాని తన బావిలో దోషమున్నదని మఱింత త్రవ్వించును; గొట్టపుబావి వేయించును. దోషము బావిలో లేదు, ఏటిలోనున్నది. రెండవది, వంతెనల స్తంభములకు చుట్టునున్న యిసుకయే బలము; అది పోయినచో వఱద వచ్చినప్పుడు పునాది బయటపడును. మూడవది, అడుగు లోతైన ఏఱు గట్లను కోసికొనును. గట్టువెంట చేను గలవాడు నేలను పోగొట్టుకొనును. నాలుగవది, సముద్రమునకు చేరువనున్న చోట్ల ఏటిగర్భము లోతైనచో పోటుతో ఉప్పునీరు లోనికి చొచ్చును.

"వఱద వచ్చి మరల ఇసుక తెచ్చును గదా" యను సమాధానము తఱచుగా వినబడును. పూర్వము తెచ్చుచుండెను. నేడు ఎగువన ఆనకట్టలున్నవి. కొండలనుండి వచ్చు ఇసుకయు ఒండ్రును వాని వెనుక నిలిచిపోవుచున్నవి. 1953లో నీరు నిలుప నారంభించిన తుంగభద్ర జలాశయము మొదట సుమారు 133 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. 2016 నాటి కొలతలో అది సుమారు 106కు తగ్గినది. ఆ తఱిగిన చోటంతయు పూడికది. పైన పూడిక అధికమగుటయు, క్రింద ఇసుక కొఱతపడుటయు ఒకే కారణమున కలిగిన రెండు నష్టములు. కావున నేటి ఏటియిసుక చాలచోట్ల వడ్డీ గాదు, అసలు. వడ్డీ తినువాడు బ్రతుకును. అసలు తినువాడు ఎన్నాళ్లు బ్రతుకును?

అట్లని ఎవ్వరును ఇండ్లు కట్టుకొనరాదని నేను చెప్పుట లేదు. పేదవాని యింటికిని ఇసుక వలయును, బడికిని వైద్యశాలకును వలయును. ఎచ్చట, ఎంత, ఏ లోతున అనునదియే ప్రశ్న. దీనికి శాసనములు లేకపోలేదు. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టమును చేసెను. 2012లో సుప్రీంకోర్టు చిన్న క్షేత్రములలోని ఇసుక త్రవ్వకమునకును పర్యావరణ అనుమతి వలయునని ఆజ్ఞాపించెను. 2016లో కేంద్రప్రభుత్వము త్రవ్వకమునకు లోతును, గట్లనుండి వంతెనలనుండి ఎడమును పాటింపవలెనని మార్గదర్శకములను ప్రకటించెను. చట్టము కాగితముపై నుండును. ఏఱు ఊరిప్రక్క నుండును. రెంటికిని నడుమ నిలువవలసినవారు ఊరిపెద్దలే.

రాతిని యంత్రములతో నలిపి చేయు ఇసుక ఇప్పుడు విరివిగా దొరకుచున్నది. సరిగా జల్లించి కడిగినచో కట్టడములకు అది పనికివచ్చును. అది ఏటిపై భారమును తగ్గించును గాని, దానియందును జాగ్రత్త వలయును. రాయి నలుగునప్పుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో చేరి, మానని వ్యాధిని కలిగించును. దానిని సిలికోసిస్ అందురు. నీరు చల్లుచు దుమ్మునడచుట, పనివారి ముక్కు నోళ్లకు తగిన రక్షణ కల్పించుట యజమానుల ధర్మము. ఏటిని కాపాడు మిషతో కూలివాని ఊపిరి తీయరాదు.

చివరగా పెద్దలకు మూడు పనులను మనవి చేయుచున్నాను. మొదటిది: మీ ఊరి వంతెన స్తంభముమీదనో, ఏటిగట్టు బండమీదనో ఇసుకమట్టమునకు సరిగా ఒక గీత గీయించి, సంవత్సరము వ్రాయించుడు. ప్రతి యేట వఱదలు తీసిన పిమ్మట చూచి క్రొత్త మట్టము గుర్తించుడు. రెండవది: ఏటికి చేరువనున్న రెండు బావులను ఎన్నుకొని, ఏటేట వైశాఖమాసమున నీటిలోతును త్రాటితో కొలిచి పుస్తకమున ఎక్కింపుడు. ఈ రెంటికిని యంత్రములక్కఱలేదు, బడిపిల్లలు చేయగలరు. మూడవది: ఇసుక తీయుటకు అనుమతిని గూర్చి గ్రామసభలో మాట వచ్చినప్పుడు ఆ పుస్తకమును తెచ్చి యెదుట పెట్టుడు. కోపముతో చెప్పిన మాట గాలికి పోవును. అంకెతో చెప్పిన మాటకు అధికారి బదులు చెప్పవలసివచ్చును.

కొండ ఇసుకయగుటకు వేలవేల సంవత్సరములు పట్టును. లారీ నిండుటకు గడియ చాలును. ఈ తారతమ్యమును మనస్సున నుంచుకొని, ఇంటికి వలసినంత యిసుకను తెచ్చుకొని, ఊరికి వలసిన యిసుకను ఏటిలోనే యుండనిత్తము.

స్వస్తి.